రెండుసార్లు చెప్పాక

ఫ్లెక్స్ షాపాయన కంప్యూటర్లో ఆ బొమ్మని అటూ ఇటూ జరిపి చూసి, "మూలన ఎవరి ఫొటో వెయ్యమంటారు?" అని అడిగాడు.

"ఎవరిదీ వద్దండి," అన్నాను.

"పోనీ పేరైనా? శుభాకాంక్షలతో అనైనా?"

"ఏమీ వద్దండి. ఉన్నది ఉన్నట్టు, అసలు సైజులో కావాలి."

ఆయనకి నచ్చలేదు. పుట్టినరోజులకీ, షాపు ప్రారంభాలకీ, ఓట్ల రోజులకీ బ్యానర్లు వేసే మనిషి. ముఖం లేని ఫ్లెక్స్ ఆయన జన్మలో వేసినట్టు లేదు. నిండా మీటలూ తెరలూ ఉన్న ఆ ఫొటోని ఇంకోసారి చూసి, "ఇదేమన్నా ఫ్యాక్టరీయా?" అన్నాడు.

"విమానం. పైలట్లు కూర్చునే చోటు."

అప్పుడు నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "ఎవరు నడుపుతారు?"

"మా అన్నయ్య," అన్నాను.

నేను కూడా అని అనలేదు. ఎందుకు అనలేదో ఆ వేసవి సగమయ్యాక గానీ నాకు తెలియలేదు. తెలిశాక ఒళ్లు మండింది. ఇప్పటికీ ఆ మంట పూర్తిగా ఆరలేదు.

అన్నయ్యా నేనూ ఒకే చిన్న కంపెనీలో పైలట్లం. అన్నయ్య కెప్టెన్, ఎడమ సీటు. నేను కో-పైలట్, కుడి సీటు. రెండు ప్రొపెల్లర్ల పాత విమానంలో రోగుల్నీ, గనుల ఇంజనీర్లనీ, తొందర పడే డబ్బున్నవాళ్లనీ తిప్పేవాళ్లం. ఆ ఎండాకాలం మొదట్లో మా ఓనరు ఒక బిజినెస్ జెట్ కొన్నాడు. చేతిలో లైసెన్సు ఉంది కదా అని దాన్ని ఎక్కి కూర్చోవడానికి లేదు. ఒక్కో రకం విమానానికి విడిగా చదివి, పరీక్ష ఇచ్చి, లైసెన్సులో రాయించుకోవాలి. టైప్ రేటింగ్ అంటారు. మా జెట్‌కి ఆ కోర్సు పరాయి దేశంలో ఉంది. జంటగా వెళ్లి జంటగా సిమ్యులేటర్‌లో కూర్చోవాలి. ఇంటి దగ్గర బాగా తయారై రాకపోతే మొదటిరోజే మునిగిపోతారని వెళ్లొచ్చినవాళ్లందరూ చెప్పారు. అందుకే, పంపే ముందు ఇక్కడే ఒకసారి కూర్చోబెట్టి చూస్తానని మా పెద్ద కెప్టెన్ అన్నాడు.

హాల్లో టీవీ తీసేసి గోడకి ఆ ఫ్లెక్స్ కొట్టాం. ఎదురుగా రెండు డైనింగ్ కుర్చీలు. వాటి మధ్య ఎత్తుపీట, దాని మీద అన్నయ్య బూట్ల అట్టపెట్టె. పెట్టెకి గాట్లు పెట్టి, ఇంజన్ల పవర్ కోసం రెండు చెక్క స్కేళ్లు, రెక్కల ఫ్లాపుల కోసం వదిన చెక్క గరిటె గుచ్చాం. నెత్తి మీద ఉండాల్సిన మీటల వరసని కర్టెన్ రాడ్డుకి వేలాడదీశాం. ఫ్యాను వేస్తే అది ఊగేది. ఫ్యాను ఆపితే చెమట కళ్లలోకి కారేది.

"నా గరిటె ఎప్పుడిస్తారు?" అని వదిన వంటింట్లోంచి కేకేసేది.

"ల్యాండ్ అయ్యాక," అనేవాడు అన్నయ్య.

"మీరు ల్యాండ్ అయ్యేసరికి కూర అడుగంటుతుంది."

మా అమ్మ బస్సు కండక్టరుగా చేసి రిటైరైంది. సోఫాలో ఒక కాలు మడిచి కూర్చుని మమ్మల్ని చూసేది. నేను చెక్‌లిస్టులోంచి ఒక్కో మాట చదవడం, అన్నయ్య ఆ మీట మీద వేలు పెట్టి జవాబు చెప్పడం చూస్తే ఆమెకి నవ్వొచ్చేది.

"ఎక్కాలు అప్పజెప్పుతున్నట్టుందిరా. సరే గానీ, పిల్లకి బెల్లేది?"

"బెల్లేంటమ్మా?"

"కండక్టరుకి తాడుంటుంది. ఒక్కసారి లాగి బెల్లు కొడితే డ్రైవరు ఎంత సీనియరైనా బండి ఆపాల్సిందే. ఎందుకు, ఏమిటి అనేవి ఆపాక. ఒకడు ఆపలేదు. ముసలామె కాలు ఇంకా మెట్టు మీదే ఉంది. ఆ రోజు తర్వాత వాడి బండి నేనెక్కలేదు. డిపో మేనేజరు బతిమాలినా ఎక్కలేదు."

"మాకూ ఉందమ్మా," అన్నాడు అన్నయ్య, కుర్చీ వెనక్కి వాల్చి. "తప్పు కనబడితే కో-పైలట్ పైకి చెప్పాలి. రెండుసార్లు చెప్పినా కెప్టెన్ పలక్కపోతే, ఆయన స్పృహ తప్పాడని లెక్క. అప్పుడు కంట్రోల్ లాక్కోవచ్చు."

"మరి ఇది లాక్కుంటుందా?"

"ఇదా? మా పిల్లి! నేను నిజంగా స్పృహ తప్పితే తల కింద దిండు పెడుతుంది గానీ కంట్రోల్ ముట్టుకోదు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

పిల్లి అని అన్నయ్యే పెట్టాడు, చిన్నప్పుడు. చప్పుడు లేకుండా తిరుగుతానని. అన్నయ్యని టౌనులో హాస్టల్లో వేశారు. నేను మా ఊరి బళ్లోనే చదివాను. మా బళ్లో ఒక ఏడాది చివర నాకు బహుమతి ఇచ్చారు, క్లాసులో మాట్లాడకుండా కూర్చున్నందుకు. స్టీలు గ్లాసు. దాన్ని అమ్మ చాలాకాలం వచ్చినవాళ్లందరికీ చూపించింది. నాన్న పోయాక అన్నయ్య ఇంటికి పెద్దవాడయ్యాడు. ఆయన కుళాయి కట్టకుండా వెళ్తే నేను కట్టేదాన్ని. బైకు తాళాలు మర్చిపోతే తెచ్చి చేతిలో పెట్టేదాన్ని. "నువ్వు మర్చిపోయావు" అని ఎప్పుడూ అనలేదు. పెద్దవాళ్లని అలా అనకూడదని ఎవరో నాకు చెప్పినట్టు కూడా గుర్తులేదు. గాలి పీల్చినట్టు వచ్చేసింది.

అదే అలవాటు విమానంలోకీ ఎక్కింది.

అన్నయ్యకి పుస్తకం కంఠతా వస్తుంది. మాట ధాటి. కానీ చేతిలో హడావుడి. గోడ మీది ఆ జెట్‌లో ఆయన తప్పకుండా మర్చిపోయే మీట ఒకటుండేది. చలిగా ఉన్న మేఘంలోకి వెళ్లే ముందు ఇంజన్ల మూతికి వేడి పెట్టాలి, లేకపోతే అక్కడ మంచు పేరుకుని ఇంజను దెబ్బతింటుంది. యాంటీ-ఐస్ మీట. ప్రతిసారీ అక్కడికొచ్చేసరికి అన్నయ్య రేడియోలో మాట్లాడే మాటల మీద పడి దాన్ని దాటేసేవాడు. నేను చెయ్యి చాచి ఫ్లెక్స్ మీద ఆ మీటకి వేలు ఆనించేదాన్ని. మాట ఉండదు. అన్నయ్య నా వేలు చూసేవాడు. చూడనట్టు ముందుకెళ్లేవాడు. ఆ రోజుకి అంతా బ్రహ్మాండంగా వచ్చినట్టే.

"మన జంటని మించింది లేదే పిల్లీ," అనేవాడు లేస్తూ. నాకు సంతోషంగానే ఉండేది. అబద్ధమెందుకు.

పరీక్ష విమానాలు నిలిపే మా హ్యాంగర్ పక్కన రేకుల ఆఫీసులో. లోపల ఒక బొమ్మ కాక్‌పిట్ ఉంది, ఎక్కడో పాతబడిపోతే ఓనరు తెప్పించాడు. సీట్లు చిరిగి స్పాంజి బయటికొచ్చింది గానీ మీటలు మాత్రం అసలువి. పెద్ద కెప్టెన్ మా వెనక స్టూలు మీద కూర్చున్నాడు. సన్నటి మనిషి, బుగ్గన ఎప్పుడూ లవంగం. కూలర్ చప్పుడుకి ఆయన గొంతు సగం వినబడేది కాదు. అందుకని ఆయన తక్కువ మాట్లాడేవాడో, సహజంగానే అంతో తెలియదు.

లేచాం. పైకెక్కాం. అన్నయ్య చక్కగా చేస్తున్నాడు. ముందున్న తెర తెల్లబడటం మొదలైంది, మేఘం. బయటి చలి చూపించే అంకె దిగుతోంది. అన్నయ్య రేడియోలో ఉన్నాడు. నేను ఆయన చెయ్యి వైపు చూశాను. అది కదల్లేదు. నా చెయ్యి వెళ్లింది.

ఫ్లెక్స్ మీద వేలు పెడితే చప్పుడు రాదు. ఇక్కడ టక్కుమంది.

తర్వాత పెద్ద కెప్టెన్ ఒక ఇంజను ఆగిపోయినట్టు పెట్టాడు, పొగ వచ్చినట్టు పెట్టాడు, అన్నీ సరిగ్గానే చేశాం. దిగాక పెద్ద కెప్టెన్ మమ్మల్ని బల్ల దగ్గర కూర్చోబెట్టాడు.

"మేఘంలోకి వెళ్లేటప్పుడు యాంటీ-ఐస్ ఎవరు వేశారు?"

నేను అన్నయ్య వైపు చూశాను. నేను మర్చిపోయాను సార్, చెల్లి చూసుకుంది అంటాడనుకున్నాను. అంత చిన్న ముక్క. అంతకన్నా నాకేం అక్కర్లేదు.

అన్నయ్య నవ్వాడు. "చెల్లికి అప్పుడప్పుడూ చెయ్యి ముందుకెళ్లిపోతుంది సార్. నేను చెప్పేలోపే వేసేస్తుంది. నేను చూసుకుంటాలెండి."

బల్ల మీద ఒక కప్పు, దాని అంచున ఎండిపోయిన టీ చార. నేను ఆ చారనే చూస్తున్నాను.

"ఏమ్మా?" అన్నాడు పెద్ద కెప్టెన్.

చెప్పొచ్చు. నోరుంది. కానీ పక్కన అన్నయ్య. మళ్లీ ఆ చార వైపే చూశాను.

"నీ చేతి గురించి నాకు బెంగ లేదు," అన్నాడాయన. "నీ నోటి గురించే. చెప్పకుండా మీట వేసే కో-పైలట్ నాకొద్దు. పక్కవాడికి తెలియకుండా విమానంలో ఏదీ మారకూడదు. అతనితో ఇంకొకర్ని పంపుతాను."

అంతే. లవంగం ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి మార్చుకుని లేచిపోయాడు.

ఇంటికెళ్లేదాకా బైకు మీద అన్నయ్య వీపు చూస్తూ కూర్చున్నాను. నోరు మూసుకున్నందుకు గ్లాసిచ్చిందీ వీళ్లే, నోరు మూసుకున్నందుకు సీటు పీకిందీ వీళ్లే. ఇంక నేను ఎవరి లెక్క ప్రకారం బతకాలి? సిగ్నల్ దగ్గర అన్నయ్య తల సగం తిప్పి, "బాధపడకే," అన్నాడు. ఆ వీపు మీద పిడికిలితో ఒక్కటి గుద్దాలనిపించింది.

భోజనాల దగ్గర తనే చెప్పాడు. ఎలా చెప్పాడంటే, "దీనికి ఈసారి కుదర్లేదమ్మా," అని. బస్సు తప్పిపోయినట్టు.

"కుదర్లేదంటే?" అంది అమ్మ.

"పెద్ద కెప్టెన్‌కి చాదస్తం. మాట్లాడలేదని పక్కన పెట్టాడు."

"అది ఎప్పుడు మాట్లాడింది గనక," అంది అమ్మ. ఆ తర్వాత నా కంచం వైపు చూసి గొంతు తగ్గించింది. "పోనీలేవే. అన్నయ్య వెళ్తున్నాడుగా. వాడు వెళ్లొస్తే రేపు నీకూ దారి పడుతుంది. కాస్త సర్దుకో."

"ఆ మీట నువ్వు మర్చిపోయావు," అన్నాను అన్నయ్యతో.

చాలా మెల్లగా అన్నాను. అయినా గరిటె పట్టుకున్న వదిన చెయ్యి ఆగింది. మా ఇంట్లో ఆ వాక్యం నేను అనడం అదే మొదలు.

"ఏంటి?"

"మర్చిపోయావు. రోజూ మర్చిపోతావు."

"ఇప్పుడు నామీద పడతావేంటే? ఆయన అడిగింది నిన్ను. చెప్పాల్సింది అప్పుడు. అక్కడ బెల్లం కొట్టిన రాయిలా కూర్చుని, ఇంటికొచ్చి నా ముందు తెలివా?"

అందులో నిజం ఉండటమే నన్ను ఎక్కువ కాల్చింది. లేచి కంచం కడుక్కున్నాను. అది శుభ్రమయ్యాక కూడా చాలాసేపు రుద్దుతూనే ఉన్నాను.

నా బదులు ఎంచినతన్ని ఆఫీసులో అందరూ టైగారు అంటారు. ఎంత ఎండలోనైనా మెడలో టై తియ్యడు. అన్నయ్య ఆయన్ని ఇంటికి రమ్మంటే వచ్చాడు, గుమ్మంలోంచే ఫ్లెక్సునీ, అట్టపెట్టెనీ, గరిటెనీ చూశాడు. "నేను ఇంటి దగ్గర చదువుకుంటానండి," అని వెళ్లిపోయాడు.

మర్నాటి సాయంత్రం నేను ఉతికిన బట్టలు మడతపెడుతుంటే అన్నయ్య వచ్చి నిలబడ్డాడు.

"కూర్చుంటావా కాసేపు?"

"ఎక్కడ?"

"కుడి సీట్లో. టైగారు రానంటున్నాడుగా. ఒక్కణ్ణే చేస్తే చేతికి రావట్లేదు."

మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, ఇంత సిగ్గు లేకుండా మనుషులు అడగగలరా అని ఆయన ముఖంలోకి చూశాను. నిజంగానే ఆయనకి తప్పనిపించట్లేదు. కుళాయి కట్టమన్నట్టే అడుగుతున్నాడు.

"కూర్చోవే," అంది అమ్మ, బఠాణీలు వలుస్తూ. "వాడు బాగా చెయ్యాలిగా."

చేతిలో చొక్కా మడత పూర్తి చేసి పెట్టి, వెళ్లి కూర్చున్నాను.

చెక్‌లిస్టు చదివాను. అన్నయ్య జవాబు చెప్పాడు. స్కేళ్లు ముందుకి తోశాడు. లేచాం. గరిటె పైకి. ఫ్యాను గాలికి నెత్తి మీద మీటలు ఊగుతున్నాయి. మేఘం వచ్చే చోటుకి వచ్చాం. అన్నయ్య లేని రేడియోతో హుషారుగా మాట్లాడుతున్నాడు. ఆయన ఓరచూపు నా చేతి వైపు ఒకసారి వెళ్లింది. వేలు కోసం చూస్తున్నాడు. అంటే ఆయనకి తెలుసు. మొదట్నుంచీ తెలుసు. అది ఒట్టి మతిమరుపు కాదు, నామీద పెట్టిన పని.

నా చెయ్యి ఒళ్లోనే ఉంచాను.

"యాంటీ-ఐస్," అన్నాను.

అన్నయ్య ఆగలేదు. తర్వాతి మాటకెళ్లిపోయాడు.

"కెప్టెన్, యాంటీ-ఐస్."

"ఏయ్, మధ్యలో ఆపకు. అక్కడ వేలు పెట్టు చాలు."

"ఐ హావ్ కంట్రోల్," అన్నాను.

అనేసి నా ఎడమ చెయ్యి స్కేళ్ల మీద వేశాను. అన్నయ్య చెయ్యి అప్పటికే వాటి మీద ఉంది. ఆయన నా మణికట్టు పట్టి విసురుగా తోశాడు. పీట ఊగింది, అట్టపెట్టె బోర్లా పడింది, గరిటె జారుకుంటూ పోయి అమ్మ కాలికి తగిలి ఆగింది.

"ఏంటే నీ పొగరు?" అన్నయ్య లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. "ఇది ఇల్లు! విమానం కాదు! అసలు నువ్వు వెళ్లట్లేదు, గుర్తుందా? అమ్మా, చెప్పు దీనికి!"

అమ్మ వంగి గరిటె తీసుకుంది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఒక బఠాణీ కాయ వలిచి గింజలు గిన్నెలో వేసింది.

"బెల్లు కొట్టాక ఆపాలి గదరా," అంది.

అన్నయ్య ఆమె వైపు చూశాడు, నా వైపు చూశాడు, చెప్పులేసుకుని బయటికెళ్లిపోయాడు. నా మణికట్టు ఎర్రగా కందింది. వదిన గిన్నెలో నీళ్లూ గుడ్డా తెచ్చి నా పక్కన పెట్టింది. మంట చేతిది కాదు వదినా అనాలనిపించింది. అనలేదు. ఆ మాట దాచుకున్నాను, చెప్పాల్సిన చోటు వేరే ఉంది.

పొద్దున్నే హ్యాంగర్‌కి వెళ్లాను. పెద్ద కెప్టెన్ విమానం టైరు దగ్గర గొంతుక్కూర్చుని రబ్బరు చూస్తున్నాడు.

"సార్. ఆ మీట మా అన్నయ్య మర్చిపోయాడు."

ఆయన తలెత్తలేదు.

"రోజూ మర్చిపోతాడు. రోజూ నేనే వేస్తాను. పాత విమానంలో కూడా కొన్ని అలాగే వేశాను. ఆయన మీ ముందు చెప్పింది నిజం కాదు. నేను కాదని చెప్పకపోవడమూ సరికాదు. నన్ను తియ్యండి, ఉంచండి, మీ ఇష్టం. ఆయన పక్కన కూర్చునేవాళ్లకి మాత్రం ఈ సంగతి తెలియాలి."

అన్ని మాటలు ఒకేసారి నేను మాట్లాడటం నాకే వింతగా వినబడింది. ఆయన మోకాలి మీద చెయ్యేసి లేచాడు.

"నువ్వు చప్పుడు చెయ్యకుండా వేసిన ప్రతిసారీ ఏమైందో తెలుసా? దాన్ని వెయ్యడం తన పని కాదని అతను నేర్చుకున్నాడు."

"నేర్పింది నేనొక్కదాన్నేనా సార్?" అన్నాను. "మాట్లాడకపోతే మంచిపిల్ల అన్నవాళ్లు లేరా? మీరు కూడా ఆయన చెప్పాక గానీ నన్ను అడగలేదు. ఆయన్నే చూసి మాట్లాడారు."

ఉద్యోగం పోయిందనుకున్నాను. ఆయన లవంగం ఉమ్మేసి, జేబులోంచి ఇంకోటి తీసి బుగ్గన పెట్టుకున్నాడు.

"సరే. సోమవారం ఇద్దరూ రండి. ఎడమ సీట్లో అతను, కుడి సీట్లో నువ్వు. అతని సీటు కూడా ఇప్పుడు ఖాయం కాదు, వెళ్లి చెప్పు. నచ్చకపోతే ఇద్దరూ మానెయ్యండి. టైగారితో నేనే వెళ్తాను."

వెళ్లి చెప్పాను. హాల్లో నిలబడి, అందరి ముందూ.

అన్నయ్య ముఖం నల్లబడింది. "నన్ను పట్టించావా? తోడబుట్టినదానివి, ఇంట్లో మాట తీసుకెళ్లి ఆఫీసులో పెట్టావా?"

"ఆఫీసు మాట ఆఫీసులోనే పెట్టాను."

"నేను లేకపోతే నువ్వు విమానం రెక్క కూడా చూసేదానివి కాదు. ఆ ఊరి బళ్లోంచి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది ఎవరు?"

"నువ్వే."

"మరి?"

"తీసుకొచ్చి కుడి సీట్లో కూర్చోబెట్టావు. కూర్చున్నవాళ్లు చెప్పాలని నియమం. దాన్ని నువ్వే అమ్మకి చెప్పి నవ్వావు."

"నోరు చూడు! వచ్చిందమ్మా నోరు!"

అప్పటిదాకా వంటింటి గుమ్మంలో ఉన్న వదిన చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చింది. "ఒక్క మాట అడగనా అండీ? ఆ మీట మీరు మర్చిపోయారా, లేదా?"

"నీకెందుకు ఇవన్నీ?"

"ఎందుకంటే ఆ ఎడమ సీట్లో కూర్చునేది మా ఆయన గనక. మంచు పేరుకుంటే మీకు మాత్రం ప్రమాదం కాదా?"

అన్నయ్య సోమవారం దాకా నాతో మాట్లాడలేదు. అమ్మతో చెప్పించేవాడు. "దాన్ని కాస్త జరగమను," "దాన్ని తలుపేసుకోమను." అమ్మ ఒకసారి విని, రెండోసారి, "నేను డ్యూటీ దిగి చాలాకాలమైంది. నువ్వే చెప్పుకో," అంది. ఎడమ కుర్చీలో ఆయన ఒక్కడే కూర్చుని చదువుకునేవాడు. కుడి కుర్చీ ఖాళీ. నేను నా గదిలో, మంచం మీద, గాలిలోనే మీటలు ఊహించుకుని పెదాలు కదిపేదాన్ని. తర్వాత తలుపేసి గొంతెత్తి అనడం మొదలుపెట్టాను. గొంతు కీచుగా వచ్చేది. మళ్లీ అనేదాన్ని.

సోమవారం కూలర్ పనిచెయ్యలేదు. రేకుల కింద ఆ గది పొయ్యిలా ఉంది. పెద్ద కెప్టెన్ చొక్కా వీపుకి అంటుకుపోయింది. మేమిద్దరం ఎక్కి కూర్చున్నాం. అన్నయ్య చెక్‌లిస్టుకి జవాబు చెప్పేటప్పుడు గోడతో మాట్లాడినట్టు మాట్లాడాడు. నేను ఒక్కో మాటా గట్టిగా చదివాను.

లేచాం. తెర తెల్లబడుతోంది. చలి అంకె దిగుతోంది. రేడియోలో పెద్ద కెప్టెన్ వెనకనుంచి కావాలనే పొడుగాటి సందేశం చదువుతున్నాడు, అన్నయ్య దాన్ని తిరిగి చెప్తున్నాడు.

మీట ముట్టుకోలేదు.

కావాలని వదిలేశాడో, నిజంగా మర్చిపోయాడో ఇప్పటికీ నాకు తెలియదు. అడగలేదు. నా చెయ్యి తనంతట తనే లేచింది. దాన్ని వెనక్కి తీసుకుని తొడ కింద పెట్టుకుని, దాని మీద కూర్చున్నాను.

"యాంటీ-ఐస్."

పలకలేదు. రేడియో అయిపోయింది. ఆయన దవడ బిగుసుకోవడం పక్కనుంచి కనబడుతోంది. ఇంకొక్కసారి పలక్కపోతే ఏం చెయ్యాలో నాకు తెలుసు, చేస్తాననీ తెలుసు. నా రెండో చెయ్యి అప్పటికే కంట్రోల్ పక్కన ఉంది.

"కెప్టెన్. యాంటీ-ఐస్."

అన్నయ్య నా చేతివైపు చూశాడు. తర్వాత నా ముఖంవైపు. ఎన్నో రోజుల తర్వాత మొదటిసారి.

టక్కుమంది.

"వేశాను," అన్నాడు.

దిగాక అదే బల్ల. అదే కప్పో, అలాంటిదే ఇంకోటో. పెద్ద కెప్టెన్ ముఖం తుడుచుకుని కూర్చున్నాడు.

"యాంటీ-ఐస్ ఎవరు వేశారు?"

నేను ఈసారి కప్పు వైపు చూడలేదు. అన్నయ్య వైపూ చూడలేదు. ఆయన్నే చూశాను, అడిగినాయన్ని. చెప్పడానికి నా దగ్గర మాట సిద్ధంగా ఉంది.

అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. "నేనే సార్."

చెమట గడ్డం దాకా కారి బల్ల మీద పడింది.

"చెల్లి రెండుసార్లు చెప్పాక."

పెద్ద కెప్టెన్ తలూపాడు. "పాస్‌పోర్టులు ఆఫీసులో ఇచ్చి వెళ్లండి," అన్నాడు. "ఇద్దరివీ." అన్నయ్య వైపు తిరిగాడు. "అక్కడికెళ్లాక రెండోసారి చెప్పించుకోకు."

అన్నయ్య నన్ను క్షమించమనలేదు, నేను పర్వాలేదనలేదు. చెల్లి చెప్పిందన్న ఆ ముక్క అనడానికి ఆయనకి ఒక వేసవి పట్టింది. అదే మొదటిరోజు అనుంటే నేను జీవితాంతం ఆయన తాళాలు మోసేదాన్నని నాకు తెలుసు. అది తలుచుకుంటే ఇంకా మండింది.

గది దాటి వస్తుంటే బల్ల చివర కప్పు పక్కన బైకు తాళాలు కనబడ్డాయి. అన్నయ్య ముందు నడుస్తున్నాడు. ఆవరణ దాటి ఎండలో బైకు దగ్గరికెళ్లి జేబులు తడుముకోవడం మొదలుపెట్టాడు. ఈ జేబు, ఆ జేబు, మళ్లీ ఈ జేబు. తర్వాత, తల ఎత్తకుండానే, అలవాటుగా నావైపు చెయ్యి చాచాడు.

"తాళాలు బల్ల మీద," అన్నాను.

ఆ చెయ్యి అలాగే ఉంది.

"అన్నయ్యా. తాళాలు బల్ల మీద."

చెయ్యి దించాడు. వెనక్కి తిరిగి, ఆ ఎండలో, మళ్లీ గది వైపు నడిచాడు. బైకు సీటు కాలిపోతోంది. నీడకి వెళ్లకుండా అక్కడే నిలబడి, ఆయన వచ్చేదాకా చూశాను.